విడిపోయిన 19 ఏళ్ళకు మళ్ళీ కలిసిన మిషన్ ఆఫ్ బర్మా: విన్నవాళ్ళు, చూసినవాళ్ళు రాయండి

బేస్‌బాబ్జీ:
పాత బ్యాండ్ మళ్ళీ కలుస్తోందంటే నాకు మొదట వచ్చేది అనుమానమే. జనానికి తెలిసిన నాలుగు పాటలు వాయించి, టీషర్టులు అమ్ముకుని వెళ్ళిపోతారు. ఆ లెక్కలోకి రాని బ్యాండ్ ఒకటుంది, దాని గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

బోస్టన్‌లో 1979లో మొదలైన పోస్ట్ పంక్ బ్యాండ్, మిషన్ ఆఫ్ బర్మా. రోజర్ మిల్లర్ గిటార్, క్లింట్ కాన్లీ బేస్, పీటర్ ప్రెస్కాట్ డ్రమ్స్. ముగ్గురూ పాటలు రాస్తారు, ముగ్గురూ పాడతారు. నాలుగో మనిషి మార్టిన్ స్వోప్ స్టేజీ మీద కనపడడు, ఆయన సంగతి తర్వాత. 1981లో ఆరు పాటల ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రికార్డ్) 'సిగ్నల్స్, కాల్స్, అండ్ మార్చెస్', 1982లో పూర్తి ఆల్బమ్ 'వర్సెస్', అటూ ఇటూ సింగిల్స్. 1983లో దుకాణం కట్టేశారు. 2002లో మళ్ళీ కలిశాక మాత్రం నాలుగు పూర్తి ఆల్బమ్‌లు చేశారు. ఏ బ్యాండ్‌కైనా మొదటి ఇన్నింగ్సే పెద్దది, వీళ్ళకు రెండోది.

ఇక విడిపోయిన కారణం. డబ్బు గొడవ కాదు, ఇగోలు కాదు. మిల్లర్‌కు చెవుల్లో ఆగని హోరు మొదలైంది. డాక్టర్లు టినిటస్ అంటారే, అది. వాయిస్తూ పోతే ఇంకా ముదురుతుందని ఆపేశారు. 19 ఏళ్ళ తర్వాత కలిసినప్పుడు ఆ హోరు తగ్గిందా అంటే, లేదు. కారణం అలాగే ఉండగా మళ్ళీ ఎలా వాయించారన్నదే నాకు ఆసక్తి. మీరెప్పుడు విన్నారు, ఎలా విన్నారు, ఎవరైనా చూశారా? రాయండి.

కోరంగి కుర్రాడు:
బర్మా అన్న పేరు చూసి ఆగాను. మా ముత్తాత రంగం (రంగూన్) వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేసి వచ్చినవాడు. మా వైపు ప్రతి రెండో ఇంట్లో ఇలాంటి కథ ఉంటుంది. బోస్టన్ కుర్రాళ్ళకు రంగంతో ఏం పని?

బేస్‌బాబ్జీ:
ఏ పనీ లేదు తమ్ముడూ. న్యూయార్క్‌లో బర్మా దౌత్య కార్యాలయం గోడ మీది పలకను కాన్లీ చూశాడు, ఆ పేరు బాగుందనిపించింది, పెట్టేసుకున్నారు. అంతే.

కోరంగి కుర్రాడు:
సరే. పేరు కోసం వచ్చాను, పాట కోసం ఉంటాను. ఒక లింక్ పడేయండి.

చార్లెస్ నది గట్టు:
నేను చూశాను. చదువుకోవడానికి బోస్టన్ వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళలో ఒకణ్ణి. కామన్‌వెల్త్ అవెన్యూ మీద ప్యారడైజ్ అనే క్లబ్ ఉంది, అక్కడ వాళ్ళ రెండో దశ చివరి ఏళ్ళలో చూశాను. మా ఆఫీసులో యాభై దాటిన ఒక పెద్దాయన లాక్కెళ్ళాడు. ఆయన వాళ్ళను 80ల్లోనే చూశాడట. నాకు అప్పటికి ఒక్క పాట కూడా తెలియదు.

మొదట నా కన్ను పడింది డ్రమ్స్ చుట్టూ ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ పలకల మీద. సింబల్స్, అంటే డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి తాళాల చప్పుడు నేరుగా మిల్లర్ చెవుల్లో పడకుండా అడ్డం అది. మిల్లర్ డ్రమ్స్‌కు వీలైనంత దూరంగా, స్టేజీ ఆ చివర నిలబడ్డాడు. తలకు పెద్ద ఇయర్‌మఫ్‌లు. తుపాకీ గురి నేర్చుకునేచోట పెట్టుకుంటారు చూడండి, ఆ రకం. హెలికాప్టర్ పైలట్‌లా ఉన్నాడు మనిషి. ఆ వేషంతో ఆయన గిటార్ మీద చేసిన రచ్చ చూస్తే, చెవులు పాడైన మనిషి అని చెప్పినా ఎవరూ నమ్మరు. ఒక కాలు ఎత్తి, ఒంగి, మళ్ళీ లేచి... అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి!

జనంలో సగం మంది నెరిసిన జుట్టువాళ్ళు, సగం మంది నా వయసువాళ్ళు. నా పక్కనున్న పెద్దాయన మాత్రం కాన్లీ బేస్ మొదలుపెట్టగానే ఇరవై ఏళ్ళ కుర్రాడైపోయాడు. మర్నాడు ఆఫీసులో మామూలే, స్ప్రెడ్‌షీట్లు.

వైరాగ్యం:
ఎవరి వయసు వాళ్ళకు గుర్తొచ్చి డబ్బులిస్తారు, అదే కదా రీయూనియన్ వ్యాపారం. మీ పెద్దాయన ఉదాహరణే చాలు. కొత్త పాటలు మొదలవగానే జనం బాత్రూమ్‌కు పోతారు, పాత పాట రాగానే ఫోన్లు లేస్తాయి.

బేస్‌బాబ్జీ:
వైరాగ్యం గారూ, ఆ మాట చాలా బ్యాండ్‌లకు సరిపోతుంది, కాదనను. కానీ ఆ వ్యాపారం చేయాలంటే ముందు పాత హిట్ అంటూ ఉండాలిగా. మొదటి దశలో వీళ్ళు బోస్టన్ దాటితే ఖాళీ హాళ్ళే. రికార్డులు తెచ్చింది రిక్ హార్ట్ నడిపిన ఏస్ ఆఫ్ హార్ట్స్ అనే చిన్న లేబుల్, అంటే రికార్డ్ కంపెనీ. 'దట్స్ వెన్ ఐ రీచ్ ఫర్ మై రివాల్వర్' పాట బయటి జనానికి తెలిసింది 1996లో మోబీ పాడినప్పుడు. మోబీ అంటే టెక్నో ఆయన, ఆయనే. ఎంటీవీ కోసం అందులో రివాల్వర్ మాట తీసేసి ఇంకో మాట పెట్టి పాడాల్సి వచ్చింది. అంతకుముందు ఆర్.ఈ.ఎం. బ్యాండ్ వాళ్ళు 'అకాడమీ ఫైట్ సాంగ్'ను కచేరీల్లో పాడేవాళ్ళు. అంటే వీళ్ళ పాటలు ఎక్కువగా తోటి సంగీతకారుల ఇళ్ళలో బతికాయి. 2001లో మైకేల్ అజెరాడ్ అమెరికన్ ఇండీ (పెద్ద కంపెనీల జోలికి పోని) బ్యాండ్‌ల మీద రాసిన పుస్తకంలో వీళ్ళకు ఒక అధ్యాయం ఇచ్చాడు. బ్లాక్ ఫ్లాగ్, సోనిక్ యూత్ లాంటి వాళ్ళ పక్కన. చదివినవాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. 2002 జనవరిలో న్యూయార్క్ ఇర్వింగ్ ప్లాజాలో వాయించినప్పుడు, అక్కడున్న చాలామందికి అది పాత జ్ఞాపకం కాదు, మొదటిసారి చూడటం.

పిచ్చి ప్రశ్నల పింకీ:
అడగొచ్చో లేదో, పోస్ట్ పంక్ అంటే ఏంటి? పంక్ తర్వాత వచ్చింది అని మాత్రం చెప్పకండి, ఆమాత్రం నాకూ తెలుసు.

లీడ్స్‌లో లావణ్య:
పింకీ, పంక్ వాళ్ళు మూడు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) చాలు, ఎవరైనా వాయించొచ్చు అన్నారు కదా. ఆ ధైర్యం తీసుకుని, మూడు కార్డ్‌ల దగ్గర ఆగకుండా ఫంక్, జమైకా వాళ్ళ డబ్, జర్మన్ ప్రయోగాలు, టేప్ ముక్కలు, ఏది దొరికితే అది కలిపినవాళ్ళను పోస్ట్ పంక్ అంటారు. గిటార్ గీసుకుపోయినట్టు ఉంటుంది, పాటను బేస్ నడిపిస్తుంది. సుమారుగా 1978 నుంచి 84 దాకా. పీఐఎల్, వైర్, జాయ్ డివిజన్, మా ఊరి గ్యాంగ్ ఆఫ్ ఫోర్.

మా ఊరు అన్నాను కానీ మాది ఒంగోలు, ఉద్యోగం ఇక్కడ. గ్యాంగ్ ఆఫ్ ఫోర్ ఇక్కడి యూనివర్సిటీ కుర్రాళ్ళు. 1979లో 'ఎంటర్‌టైన్‌మెంట్!' ఆల్బమ్. అదే ఏడాది 'టాప్ ఆఫ్ ది పాప్స్' అనే టీవీ పాటల కార్యక్రమంలో పాటలో ఒక మాట మార్చమని బీబీసీ అడిగితే ఒప్పుకోక వెళ్ళిపోయారు. వాళ్ళూ మళ్ళీ కలిశారు, 2004లో అసలు నలుగురితోనే. కానీ 2005లో వచ్చిన రికార్డ్ చూడండి, 'రిటర్న్ ది గిఫ్ట్': పాత పాటలనే మళ్ళీ రికార్డ్ చేశారు. ఈఎంఐ అనే పాత రికార్డ్ కంపెనీకి డబ్బు పోకూడదని, డ్రమ్స్ బాగా పలకాలని ఏవో కారణాలు. కారణాలు సబబే, రికార్డ్ మాత్రం నాకు ఎక్కలేదు. పాతది పక్కనే ఉండగా కొత్తది ఎవరు వింటారు? కొన్నేళ్ళకు నలుగురూ చెదిరిపోయారు, ఆండీ గిల్ ఒక్కడే కొత్తవాళ్ళతో 2020లో చనిపోయేదాకా లాక్కొచ్చాడు. 2025లో జాన్ కింగ్, హ్యూగో బర్న్‌హామ్ ఇద్దరూ వీడ్కోలు టూర్ చేశారు. వైరాగ్యం గారి మాట ఇక్కడ కొంచెం నిజమే.

వైరాగ్యం:
ఒకరైనా ఒప్పుకున్నారు, సంతోషం.

బాక్సుల బాలాజీ:
విజయవాడలో సౌండ్ పని చేస్తాను. ఫంక్షన్లు, కాలేజీ ఫెస్టులు, నిమజ్జనాలు. ఈ బ్యాండ్ గురించి ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూ వల్ల తెలిసింది. పాటల కంటే ముందు నన్ను పట్టుకుంది మార్టిన్ స్వోప్ పని.

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. స్వోప్ ఉండేది మా స్థానంలో, మిక్సర్ దగ్గర, జనం వెనకాల. స్టేజీ మీద వాయిస్తున్న శబ్దంలో ఒక ముక్కను రీల్ టేప్ మీద అప్పటికప్పుడు రికార్డ్ చేసేవాడు. దాన్ని వెనక్కి తిప్పో, స్పీడ్ మార్చో, లూప్ చేసో (అదే ముక్క తిరిగి తిరిగి వచ్చేలా) మళ్ళీ పీఏలోకి, అంటే హాలు స్పీకర్లలోకి వదిలేవాడు. స్టేజీ మీద ముగ్గురే కనపడతారు, వినపడేది మాత్రం ఇంకేదో. జనానికి ఆ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో అర్థమయ్యేది కాదు. కంప్యూటర్ లేదు, లూపర్ పెడల్ లేదు, చేతిలో టేపు, తిరిగే చక్రం. లైవ్‌లో నేను ఒక డిలే (ప్రతిధ్వని) పెట్టాలంటేనే రెండుసార్లు ఆలోచిస్తాను. 'వర్సెస్'లో 'మైకా' పాట హెడ్‌ఫోన్స్‌లో వినండి, గొంతు ముక్కలైపోవడం వినపడుతుంది.

2002లో స్వోప్ రానన్నాడు. అప్పటికే హవాయి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో వచ్చింది బాబ్ వెస్టన్. షెల్లాక్ అనే బ్యాండ్‌లో స్టీవ్ ఆల్బినీ పక్కన బేస్ వాయించిన ఆయన, రికార్డింగ్ ఇంజనీర్ కూడా. ప్రెస్కాట్ నడిపిన వోల్కనో సన్స్ బ్యాండ్‌లో ముందే వాయించాడు కాబట్టి బయటివాడు కాదు. రీయూనియన్లలో ఒరిజినల్ మనిషి లేకపోతే గింజుకునేవాళ్ళున్నారు. ఇక్కడ మాత్రం ఆ కుర్చీలో కూర్చున్నవాడు పనిమంతుడు.

ఇక చెవుల సంగతి. ఇది నాకు కబుర్లలాంటిది కాదు. నా కుడి చెవిలో రాత్రి పూట సన్నగా కూత వినపడుతుంది. ఫ్యాన్ ఆపితే ఎక్కువ. మొదట్లో ఇంట్లో ఏదో ఛార్జర్ శబ్దం చేస్తోందని ప్లగ్‌లన్నీ పీకాను. మాతో పని నేర్చుకున్న కుర్రాళ్ళలో చాలామందికి ఇదే ఉంది, ఎవరూ పైకి చెప్పరు. చెప్తే పని పోతుందని.

చార్లెస్ నది గట్టు:
బాలాజీ అన్నా, డాక్టర్‌కు చూపించారా?

బాక్సుల బాలాజీ:
చూపించాను. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, అవి పోతే మళ్ళీ మొలవవు అన్నారు. ఉన్నవి కాపాడుకోవడమే. హోరు మీద ధ్యాస తగ్గించుకునే పద్ధతులు ఏవో చెప్పారు, కొంత నయం. లెక్క కూడా చెప్పారు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమైపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2. 100 దగ్గర పావుగంటే. నిమజ్జనంలో డీజే బండి పక్కన మీటర్ పెట్టి చూడండి, ఆ పావుగంట కూడా మిగలదు. మా వాళ్ళు సాయంత్రం నుంచి పొద్దుపోయేదాకా అక్కడే.

పిచ్చి ప్రశ్నల పింకీ:
చెవిలో దూది పెట్టుకుంటే సరిపోదా? బరాత్‌లో మా అమ్మ అదే చేస్తుంది.

బాక్సుల బాలాజీ:
దూది దాదాపు దండగ అమ్మా. మెడికల్ షాపులో ఫోమ్ ప్లగ్‌లు దొరుకుతాయి. వేళ్ళతో సన్నగా నలిపి, చెవి పైభాగం కొంచెం పైకి లాగి లోపల పెట్టాలి, ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టాలి. బయటికి వేలాడుతుంటే పెట్టుకోనట్టే. మ్యూజిక్ వాయించేవాళ్ళకైతే వేరే రకం ఉన్నాయి, హై సౌండ్ ఒక్కటే కోసేయకుండా అన్నిటినీ సమానంగా తగ్గిస్తాయి. నేను అవే వాడుతున్నా. మిల్లర్ 1983 చివరి టూర్‌లో లోపల ప్లగ్‌లు, పైన ఇయర్‌మఫ్‌లు, రెండూ పెట్టుకుని వాయించాడట. అప్పటికే ఆలస్యమైపోయింది.

బేస్‌బాబ్జీ:
బాలాజీ గారూ, ఈ చర్చలో అసలైన పోస్ట్ మీదే. ఆరోగ్యం జాగ్రత్త.

ఇంకోటి చెప్పాలి. ఆ 19 ఏళ్ళు మిల్లర్ ఊరికే కూర్చోలేదు. స్వోప్‌తో కలిసి బర్డ్‌సాంగ్స్ ఆఫ్ ది మెసోజోయిక్ అనే బ్యాండ్‌లో పియానో వాయించాడు. మూగ సినిమాలకు లైవ్‌గా సంగీతం ఇచ్చే అల్లాయ్ ఆర్కెస్ట్రాలో చేరాడు. గట్టి శబ్దం కుదరదంటే నెమ్మది శబ్దంలోకి వెళ్ళాడు తప్ప సంగీతం వదల్లేదు. ప్రెస్కాట్ సొంత బ్యాండ్‌లు నడిపాడు. కాన్లీ ఒక్కడే దాదాపు పూర్తిగా మానేశాడు. యో లా టెంగో అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసి, తర్వాత బోస్టన్ టీవీ ఛానెల్‌లో ప్రొడ్యూసర్ ఉద్యోగం. అందరికీ తెలిసిన ఆ 'రివాల్వర్' పాట రాసింది ఆయనే! ఆయన చేతిలో అన్ని పాటలు మిగిలిపోయాయంటే బాధేస్తుంది.

వైరాగ్యం:
ఇంత చెప్పారు కాబట్టి నిన్న రాత్రి కూర్చుని విన్నాను. మొదట 'వర్సెస్', తర్వాత 2006 నాటి 'ది ఆబ్లిటెరాటీ'. వాదన గెలవడానికే విన్నాను, దాచేదేముంది.

'వర్సెస్' గొప్పది, అందులో మాట లేదు. ముందు వచ్చిన ఈపీ కాస్త నునుపుగా, గిటార్లు పొరలు పొరలుగా పేర్చి ఉంది. 'వర్సెస్' మాత్రం స్టేజీ ముందు నిలబెట్టి మొహం మీద కొట్టినట్టు ఉంది. 'ట్రెమ్ టూ' నెమ్మదిగా ఊగుతూ పోతుంటే అసలు ఇది 1982 నాటిదా అనిపించింది. 'ది ఆబ్లిటెరాటీ' దానికి సమానమా అంటే, నా మటుకు కాదు. కానీ నేను ఊహించిన ముసలి రికార్డ్ మాత్రం కాదు. 'టూవైస్' అనే మొదటి పాటకే డ్రమ్స్ చెంప పగలగొట్టాయి. ఇందులో మెరుగుపడింది ప్రెస్కాట్ అని నా అభిప్రాయం. పాతవాటిలో ఆయన అరుపులు తమాషాగా ఉండేవి, ఇక్కడ పాటలయ్యాయి.

ఇంకా ఒక సందేహం. 2004లో వచ్చిన 'ఆన్ఆఫ్ఆన్'లో కొన్ని 80ల నాటి పాత పాటలేనట కదా. మరి గ్యాంగ్ ఆఫ్ ఫోర్ చేసిందీ అదే కదా?

లీడ్స్‌లో లావణ్య:
తేడా ఉంది. గ్యాంగ్ ఆఫ్ ఫోర్ జనం ఇళ్ళలో ఉన్న పాటలనే మళ్ళీ చేసింది. బర్మా వాళ్ళు అప్పట్లో స్టూడియో ఆల్బమ్‌లోకి ఎక్కని పాటలను తీశారు, పక్కన కొత్తవి పెట్టారు. తర్వాతి మూడు ఆల్బమ్‌లకు పాత అటక వైపు చూడలేదు.

ఇంకొకటి గమనించారా? మేటడార్ లేబుల్ 2008లో పాత రికార్డులను మళ్ళీ తెచ్చినప్పుడు వాటిని మొత్తంగా స్టేజీ మీద వాయించారు. జ్ఞాపకాల వ్యాపారం కొంచెం వాళ్ళూ చేశారు, తప్పేం లేదు. మరుసటేడే 'ది సౌండ్ ది స్పీడ్ ది లైట్' కొత్త పాటలతో వచ్చింది. 2012లో 'అన్‌సౌండ్'.

చార్లెస్ నది గట్టు:
2009 అక్టోబర్ 4ను బోస్టన్ నగరం 'మిషన్ ఆఫ్ బర్మా రోజు'గా ప్రకటించింది. ఎంఐటీలో వాళ్ళ కచేరీ పెట్టారు. మొదటి దశలో పట్టించుకోని నగర పెద్దలు ఇలా చేస్తే నవ్వొస్తుంది. మనవైపు కూడా అంతే, విగ్రహం పెట్టేదాకా గుర్తురారు. వీళ్ళు బతికుండగా ఇచ్చారు, అది నయం.

నాకు వైరాగ్యం గారితో ఒక విషయంలో తేడా. నేను రెండో దశనే ముందు చూశాను కాబట్టి కాబోలు, 'ది ఆబ్లిటెరాటీ' నాకు 'వర్సెస్' కంటే ఎక్కువ ఇష్టం. పాతది వింటుంటే భయం లేని కుర్రాళ్ళు వినపడతారు. కొత్తదాంట్లో ఏం పోగొట్టుకుంటారో తెలిసినవాళ్ళు, తెలిసి కూడా వాల్యూమ్ పెంచినవాళ్ళు.

బాక్సుల బాలాజీ:
అన్నా, ఆ మాట వినడానికి బాగుంది కానీ ఒప్పుకోను. వాల్యూమ్ పెంచడంలో గొప్ప ఏం లేదు. ప్లాస్టిక్ అడ్డం, దూరంగా నిలబడటం, మానిటర్లు (వాయించేవాళ్ళ వైపు ఉండే స్పీకర్లు) ఎటు తిప్పాలో చూసుకోవడం, ఇయర్‌మఫ్‌లు: గొప్పంతా అక్కడుంది. చెవిని పణంగా పెట్టి వాయించలేదు, చెవిని కాపాడుకుని వాయించారు. మా కుర్రాళ్ళకు నేను చూపించేది ఆ ఫొటోనే. ఇయర్‌ప్లగ్ పెట్టుకుంటే చిన్నతనం అనుకునేవాళ్ళకు, ఈయన్ని చూడరా అంటాను. ముగ్గురు పెట్టుకుంటున్నారు ఇప్పుడు, మిగతావాళ్ళు నవ్వుతున్నారు.

చార్లెస్ నది గట్టు:
సరే అన్నా, ఆ మాట మీది. వెనక్కి తీసుకుంటున్నా.

కోరంగి కుర్రాడు:
ఈపీ మొత్తం విన్నాను. చివరి పాటలో మాటలే లేవు, 'ఆల్ వరల్డ్ కౌబాయ్ రొమాన్స్' అట. అదే అన్నిటికంటే నచ్చింది. ఇప్పుడు వీళ్ళు ఎక్కడైనా వాయిస్తున్నారా?

బేస్‌బాబ్జీ:
లేదు తమ్ముడూ. 2016 తర్వాత వాయించలేదు. వీడ్కోలు టూర్ లేదు, ఆఖరి కచేరీ అని పోస్టర్ లేదు. 2020లోగానీ అయిపోయిందని బయటికి చెప్పలేదు. 1983లో బ్రాడ్‌ఫర్డ్ హోటల్ బాల్‌రూమ్‌లో జనాన్ని పిలిచి, కెమెరాలు పెట్టి మరీ ముగించినవాళ్ళు, రెండోసారి చడీచప్పుడు లేకుండా ఆపేశారు. మిల్లర్ మాత్రం సొంతంగా ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు.

వినాలంటే వరస ఇదీ: ఈపీ అయింది కాబట్టి 'వర్సెస్', తర్వాత 'ది ఆబ్లిటెరాటీ'. నచ్చితే 1985 లైవ్ రికార్డ్ 'ది హారిబుల్ ట్రూత్ అబౌట్ బర్మా', అందులో స్టూజెస్ పాట ఒకటి, పేరె ఊబు పాట ఒకటి వాయించారు. మిగతావి నెమ్మదిగా.

వైరాగ్యం:
'అన్‌సౌండ్' కూడా విన్నాను. దాని గురించి రేపు రాస్తా, ఇప్పుడు నిద్రొస్తోంది. ముందే చెప్తున్నా, కోరంగి తమ్ముడూ, బాబ్జీ గారు 'మిగతావి నెమ్మదిగా' అన్నారు కదా, దాన్ని ఆ మూటలో కట్టేయకు.

పిచ్చి ప్రశ్నల పింకీ:
బాలాజీ గారూ, ఫోమ్ ప్లగ్‌లు ఒకసారి వాడి పారేయాలా, కడుక్కోవచ్చా? అమ్మకు కొంటున్నా, వచ్చే వారం పెళ్ళి ఉంది.

బాక్సుల బాలాజీ:
ఫోమ్‌వి కడిగితే ఉబ్బడం పోతుంది, మాసిపోతే పారేయడమే. సిలికాన్‌వి అయితే సబ్బునీళ్ళతో కడిగి వాడొచ్చు. అమ్మకు సిలికాన్‌వి తీసుకో, పెట్టుకోవడం కూడా తేలిక. డీజే బండికి ముందు కాకుండా వెనక నడవమను.